ముక్కుపురుగు చచ్చినట్టు పడుకుంటుంది

గోతంలో చెయ్యి దూర్చినప్పుడు
వెచ్చగా తగిలితే నాకు గుండె ఝల్లుమంటుంది.
వడ్లకు జ్వరమొచ్చిందంటే
లోపల ఎవరో కాపురం పెట్టినట్టే.

పిడికెడు తీసి చేటలో పోశా.
నువ్వుగింజంత కూడా లేదు,
తొండం మాత్రం ఏనుగుది.
వేలు తగిలితే చాలు
కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు పడుకుంటుంది,
అప్పులాయన వాకిట్లోకొస్తే
మా ఇంటాయన మంచమ్మీద పడుకున్నట్టే.

మూడు గోతాలు.
స్వాతి కార్తెలో నారు పోయాల్సిన విత్తనం,
కౌలుకు తీసుకున్న రెండెకరాల కయ్యకి.
ఇల్లంటే ఒకటే గది మాది.
గోతాల పక్కన మంచం, మంచం కింద కోడిపెట్ట,
పెట్ట పక్కన మా సుహాసిని పుస్తకాల సంచి.

పోయినేడు మందుల కొట్టాయన బిళ్ళలిచ్చాడు.
తలుపులు బిగించి నాలుగు రోజులు
వేరే చోట పడుకోమన్నాడు.
వేరే చోటంటే యాడ?
ఆయన చిల్లర లెక్కబెట్టుకున్నాడు.
వసారాలోనే చాపలు పరిచాం.
గడప కింద సందులోంచి
కుళ్ళిన వెల్లుల్లి లాంటి వాసన.
తెల్లారి చూస్తే గడప పక్కన పెట్ట, మెడ వాల్చేసి.
"పెట్టే కదమ్మా" అన్నారు అందరూ.
అవును, పెట్టే.
ఆ సందుకు జానెడు దూరంలో
నా బిడ్డ తల ఉండింది.

పొదలకూరు నిమ్మకాయల యార్డులో
కాయలు ఏరడం నాకు కూలి.
పచ్చివి ఒక కుప్ప, పండువి ఒక కుప్ప,
మచ్చపడ్డవి కాలి పక్కకి.
ధర పడిపోయిన నెలలో
కాలి పక్క కుప్పే కొండ.
సాయంత్రం నా చేతుల మీద చీమ కూడా పాకదు.
ఇరవయ్యేళ్ళుగా ఎరిగిన సంగతే,
విద్య అనుకోలా, కంపు అనుకున్నా.

కలువాయి రోడ్డులో దాదాపీరు
నిమ్మగడ్డి కాచే రాగి బాన పెట్టుకున్నాడు.
నా తొక్కల గోనె చూసి నవ్వాడు.
నవ్వుతూనే బాన కింద
జామాయిలు మండలు ఎగదోశాడు.
"మోసుకొచ్చేదీ ఆవిరే అక్కా,
మోసుకుపోయేదీ ఆవిరే.
మూత గట్టిది చూసుకో."
గోనెడు తొక్కలకి చేతికొచ్చింది
దగ్గుమందు సీసాలో అడుగున కాస్త,
నీళ్ళమీద తేలిన ఎండముక్క.

ఆశ ఆగుద్దా?
మొదటి గోతంలో నేరుగా పోసేశా.
పురుగు చచ్చింది బాగానే.
తడిగుడ్డలో వంద గింజలు మూటగట్టి
నాలుగోరోజు విప్పితే
కళ్ళు తెరిచినవి నలభై మూడు.
మందెక్కువైన గింజా
మత్తెక్కువైన మనిషీ
నిద్రలేవరని అప్పుడు తెలిసింది.

మిగతా రెండు గోతాలు రేకు డ్రమ్ముల్లోకి ఒంపి
దూదిపీలికకి చుక్కలు లెక్కబెట్టి అద్ది
మూతకి లోపల వేలాడగట్టా.
అంచు చుట్టూ పేడా మట్టీ మెత్తా.
పదిహేను రోజులకోసారి
మళ్ళీ దూది, మళ్ళీ చుక్కలు, మళ్ళీ పేడ.
బిళ్ళలకైతే ఒక్కసారే శ్రమ,
ఆ మాట మా ఇంటాయన చాలాసార్లు అన్నాడు.

మొలవని గోతం మరకి పంపించి
ఆ బియ్యమే వండా.
"సబ్బు తిన్నట్టుంది" అని ఆయన కంచం నెట్టాడు.
సుహాసిని ఇంకో ముద్ద కలుపుకుంటూ
"అమ్మ చెయ్యి వాసనే కదా" అనింది.
నేను మజ్జిగ పోసుకుని తిన్నా.
నిజం చెప్పాలంటే, సబ్బే.

ఇవాళ డ్రమ్ములో వంద గింజల మూట విప్పా.
తెల్లగా ముక్కులు బయటపెట్టినవి
ఎనభై తొమ్మిది. మళ్ళీ లెక్కబెడితే తొంభై.
చేట అంచున ఒక్కటే ఒక్క పురుగు,
కాళ్ళు ముడుచుకుని, వెల్లకిలా.

అరచేతిలోకి తీసుకుని
దీపం దగ్గరికి జరిగా.
చచ్చిందో,
అప్పులాయన పోయేదాకా పడుకుందో.
ఇంకాసేపు చూస్తా.